రెండూ కలిపి ఇస్తే తట్టుకోగలరా?

గొంతు క్యాన్సర్ అని తేలి, బయాప్సీ, స్కాన్లు అన్నీ అయ్యాక డాక్టరుగారు "కీమో, రేడియేషన్ రెండూ కలిపి ఇద్దాం" అంటారు. అప్పుడు ఇంట్లోవాళ్ల నోట మొదట వచ్చే మాట ఒకటే: "మనిషి తట్టుకోగలడా అండీ?" న్యాయమైన ప్రశ్న. ఒక్క కీమో అంటేనే భయం, దాని మీద కరెంటు కూడా పెడతారంటే గుండె జారిపోవడం సహజం. ఈ అధ్యాయమంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబే. అసలు మాట ముందే చెప్పేస్తాను. తగిన ఆరోగ్యం ఉందని డాక్టర్లు చూసి ఎంచుకున్నవారిలో చాలామంది తట్టుకుంటారు. అయితే ఆ తట్టుకునే శక్తిని కూడగట్టుకోవడం మిషన్ మీద పడుకున్న రోజున మొదలుపెడితే ఆలస్యమైనట్టే. అంతకు రెండు మూడు వారాల ముందే ఇంట్లో ఏర్పాట్లు మొదలవ్వాలి. మనోధైర్యం కొందరికే పుట్టుకతో వచ్చే గుణమని నేను అనుకోను. రేపు ఏం జరగబోతోందో తెలిసి, దానికి కావలసినవి చేతికందేలా ఉంటే ఎంత బెదురు మనిషికైనా ధైర్యం వస్తుంది.

అందుకే ఈ అధ్యాయాన్ని రోగి ఒక్కరే చదివితే చాలదు. పక్కన ఉండి చూసుకునే భార్యో, కొడుకో, చెల్లెలో కూడా చదవాలి. ఏడు వారాల పాటు తేదీలు గుర్తుపెట్టుకోవలసింది వాళ్లే.

రెండూ ఒకేసారి ఎందుకు?

తల, మెడ క్యాన్సర్లన్నిటికీ వైద్యం ఒకేలా ఉండదు. బుగ్గ లోపల, నాలుక మీద, చిగుళ్ల దగ్గర వచ్చినవాటికి సాధారణంగా ముందు ఆపరేషన్ చేస్తారు. తీసిన ముక్క పెథాలజీ రిపోర్టు వచ్చాక రెండు విషయాలు చూస్తారు. కోసిన అంచుల్లో క్యాన్సర్ కణాలు మిగిలాయా? మెడలోని గ్రంథి పొరను చీల్చుకుని జబ్బు బయటికి వచ్చిందా? ఈ రెండిటిలో ఏది ఉన్నా ఒక్క రేడియేషన్ చాలదని, కీమో కూడా జతచేయాలని 2004లో ఒకే వైద్య పత్రికలో వచ్చిన యూరప్, అమెరికా అధ్యయనాలు దారి చూపించాయి. ఇక స్వరపేటిక, నాలుక మొదలు, గొంతు లోపలి భాగాల్లో జబ్బు ముదిరితే చాలాసార్లు ఆపరేషన్ జోలికి పోకుండా నేరుగా కీమో, రేడియేషన్ కలిపి ఇస్తారు. మాట పోకుండా జబ్బును తీసేయాలన్నది అక్కడి ఆశ. అమెరికాలో 547 మంది స్వరపేటిక క్యాన్సర్ రోగుల మీద జరిపిన అధ్యయనం 2003లో వెలువడింది. రెండూ ఒకేసారి తీసుకున్నవారిలో రెండేళ్ల తర్వాత 88 శాతం మందికి స్వరపేటిక నిలిచింది. ముందు కీమో, తర్వాత రేడియేషన్ ఇచ్చినవారిలో అది 75 శాతం, రేడియేషన్ ఒక్కటే ఇచ్చినవారిలో 70 శాతం.

రేడియేషన్ పని క్యాన్సర్ కణంలోని డీఎన్ఏను తెంపడం. తెగిన చోటును కణం మళ్లీ అతుక్కోవడానికి చూస్తుంది, కొంతవరకు అతుక్కుంటుంది కూడా. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఆ మరమ్మతును అడ్డుకుంటుంది. తెగిన చెరువుకట్ట దగ్గరికి గండి పూడ్చేవాళ్లను రానివ్వకపోవడం లాంటిది ఇది. కాబట్టి ఇక్కడ కీమో ప్రధానంగా రేడియేషన్‌కు బలం చేకూర్చడానికే ఇస్తారు. రెండూ ఒకే కాలంలో సాగాలన్న పట్టుదల అందుకే. ముందు మందు ఇచ్చేసి తర్వాత రేడియేషన్ మొదలుపెడితే ఈ లాభం దాదాపు చేజారుతుంది.

లాభం ఎంత? అంకె తెలుసుకునే హక్కు మీకుంది. ప్రపంచవ్యాప్తంగా 93 అధ్యయనాల్లోని 17 వేల మందికి పైగా రోగుల వివరాలను ఒకచోట చేర్చి 2009లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, రేడియేషన్‌తో పాటే కీమో ఇస్తే ఐదేళ్ల తర్వాత బతికి ఉన్నవారి సంఖ్య నూటికి ఆరున్నర చొప్పున పెరిగింది. ఇదేనా అనిపించవచ్చు. కానీ ఆ ఆరేడుగురిలో మీ నాన్నగారు ఉండవచ్చు. ఇదే విశ్లేషణ ఇంకో మాట కూడా చెప్పింది. వయసు పెరిగేకొద్దీ ఈ అదనపు లాభం తగ్గుతుంది, డెబ్బై దాటినవారిలో దాదాపు కనిపించదు. కాబట్టి 74 ఏళ్ల తాతగారికి డాక్టరు రేడియేషన్ ఒక్కటే చాలన్నారంటే, ఆయనను వదిలేశారని బాధపడకండి, కీమో కూడా ఇవ్వాలని పట్టుబట్టకండి. ఆయన శరీరానికి ఏది మేలో లెక్కచూసి చెప్పిన మాట అది.

మోతాదుల గురించి కొంచెం తెలిసి ఉంటే ఆసుపత్రిలో మాటలు అర్థమవుతాయి. ఆపరేషన్ లేకుండా నేరుగా ఇచ్చేటప్పుడు మామూలుగా 70 గ్రే రేడియేషన్‌ను 35 సిట్టింగులుగా, వారానికి ఐదు రోజుల చొప్పున ఏడు వారాల్లో ఇస్తారు. ఆపరేషన్ తర్వాతైతే 60 నుంచి 66 గ్రే, అంటే ఆరు వారాల పైచిలుకు. సిస్‌ప్లాటిన్‌ను ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు 100 మి.గ్రా. చొప్పున 1, 22, 43వ రోజుల్లో ఎక్కిస్తారు, లేదా 40 మి.గ్రా. చొప్పున వారం వారం ఇస్తారు. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి 300 మందిపై చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో మూడు వారాలకోసారి పెద్ద మోతాదు తీసుకున్నవారిలో రెండేళ్లకు 73 శాతం మందికి జబ్బు అదుపులో ఉంది. వారం వారం 30 మి.గ్రా. తీసుకున్నవారిలో అది 58.5 శాతమే. అయితే పెద్ద మోతాదుతో తీవ్రమైన ఇబ్బందులు కూడా ఎక్కువే వచ్చాయి. ఆపరేషన్ అయినవారికి వారానికి 40 మి.గ్రా. పద్ధతి తీసిపోదని తర్వాత జపాన్ అధ్యయనం చూపించింది. ఏ పద్ధతైనా మొత్తం మీద చదరపు మీటరుకు 200 మి.గ్రా.కు తగ్గకుండా మందు అందాలని డాక్టర్లు చూస్తారు. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నా, వినికిడి ముందే తగ్గి ఉన్నా సిస్‌ప్లాటిన్ పనికిరాదు. అలాంటివారికి వారానికోసారి తక్కువ మోతాదులో డోసిటాక్సెల్ కలిపితే, రేడియేషన్ ఒక్కటే ఇచ్చినదానికన్నా మేలని టాటా ఆసుపత్రి వైద్యులే 2023లో చూపించారు. "మాకు సిస్‌ప్లాటిన్ కుదరదన్నారు, ఇంకేమైనా ఉందా?" అని అడగడానికి మొహమాటపడకండి.

మొదటి రోజుకు ముందు

అన్నిటికన్నా ముందు పళ్లు. దవడకు రేడియేషన్ తగిలాక అక్కడి ఎముకకు రక్తప్రసరణ తగ్గుతుంది. ఆ తర్వాత పన్ను పీకితే గాయం మానకుండా ఎముకే చచ్చుబడే ప్రమాదం ఉంది. అందుకని పుచ్చినవీ, కదిలేవీ ముందే తీయించేయాలి. ఆ గాయాలు మానడానికి రెండు వారాలైనా పడుతుంది కాబట్టి క్యాన్సర్ అని తేలిన వారంలోనే డెంటల్ డాక్టరుకు చూపించాలి. ఈ ఒక్క పని వెనకబడడం వల్లే వైద్యం మొదలవడం ఆలస్యమైన ఇళ్లు చాలా ఉంటాయి.

తర్వాత మాస్కు. వేడినీటిలో మెత్తబరిచిన ప్లాస్టిక్ జల్లెడను మొహం, మెడ, భుజాల మీద పరిచి అచ్చు తీస్తారు. రోజూ దాన్ని తొడిగి బల్లకు బిగిస్తారు. ఇరుకు గదులంటే భయపడేవారికి ఇది అన్నిటికన్నా కష్టంగా అనిపించే భాగం. కళ్లు మూసుకుని, ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం ఇంట్లోనే పదేసి నిమిషాలు అలవాటు చేసుకుంటే బల్ల మీద ఉండే ఆ కొద్దిసేపూ గడిచిపోతుంది. చెయ్యి ఎత్తితే సిబ్బంది కెమెరాలో చూసి వెంటనే మిషన్ ఆపుతారని ముందే చెప్పించుకోండి. గడ్డం, జుట్టు మాస్కు తీసిన రోజు ఎలా ఉన్నాయో చివరిదాకా దాదాపు అలాగే ఉంచుకోవాలి. మెడలో గొలుసు, తాయెత్తు తీసి ఇంట్లో పెట్టండి. ఇంకొక భయం కూడా పోగొట్టాలి. బయటి మిషన్ నుంచి ఇచ్చే ఈ రేడియేషన్ ఒంట్లో నిలవ ఉండదు. మనవలను ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు, ఒకే గదిలో పడుకోవచ్చు.

పొగాకు సంగతి కుదిరినంత మెత్తగా చెబుతాను కానీ చెప్పక తప్పదు. రేడియేషన్ జరుగుతున్నప్పుడు కూడా సిగరెట్ మానని తల, మెడ క్యాన్సర్ రోగుల మీద కెనడాలో చేసిన అధ్యయనం 1993లో వచ్చింది. మానినవారిలో 74 శాతం మందికి గడ్డ పూర్తిగా కరిగితే, మాననివారిలో అది 45 శాతమే. రెండేళ్లకు బతికి ఉన్నవారు మానినవారిలో 66 శాతం, మాననివారిలో 39 శాతం. ఏ మందూ ఇంత తేడా తేలేదు. బీడీ, చుట్ట, ఖైనీ, గుట్కా, వక్కపొడి అన్నీ మొదటి సిట్టింగు కన్నా ముందే ఆగిపోవాలి. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో అడ్డపొగ తాగే అమ్మమ్మలకు యాభై ఏళ్ల అలవాటు ఒక్క పూటలో పోదు. కసురుకోకండి, నికోటిన్ చూయింగ్ గమ్ లేదా ప్యాచ్ గురించి డాక్టరును అడిగి సాయం చేయండి.

డబ్బు, బస కూడా వైద్యంలో భాగమే. ఊరు ఆసుపత్రికి గంటన్నర దూరంలో ఉంటే రోజూ తిరగడం కన్నా ఏడు వారాలూ దగ్గర్లో గది తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. నాలుగో వారం తర్వాత రానూపోనూ బస్సు ప్రయాణమే మనిషిని కుంగదీస్తుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిధిలో రేడియేషన్, కీమో రెండూ ఉన్నాయి. రేషన్ కార్డు, ఆధార్, బయాప్సీ రిపోర్టు జిరాక్సులు తీసుకుని మొదటి రోజే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా వంటి ఆసుపత్రుల్లో రద్దీ ఎక్కువగా ఉంటుంది కాబట్టి తేదీ ఇచ్చాక దాన్ని వదులుకోకండి. అమావాస్య వెళ్లనిద్దామనో, ఆషాఢం దాటనిద్దామనో ఆగకండి. ఆపరేషన్ అయినవారికి ఆరు వారాల్లోపు రేడియేషన్ మొదలవ్వాలి, ఆ గడువు దాటేకొద్దీ ఫలితం తగ్గుతుంది.

నాలుగో వారం

మొదటి పది రోజులు పెద్దగా ఏమీ అనిపించదు. "ఇంతేనా?" అనుకుంటారు. రెండో వారం చివర రుచి పోతుంది, లాలాజలం జిగురుగా మారుతుంది. మూడో వారంలో నోరు పూస్తుంది. నాలుగు, ఐదు వారాలకు మింగడం నరకంగా మారవచ్చు. మెడ చర్మం నల్లబడి మండుతుంది. సరిగ్గా ఇదే సమయానికి బయట కనిపించే గడ్డ కరిగిపోతుంది. ఈ రెండూ ఒకేసారి జరగడమే ఈ వైద్యంలోని అతి పెద్ద ప్రమాదం. "గడ్డ పోయింది కదా, ఇంత బాధ ఎందుకు, ఇక చాలు, ఇంటికి పోదాం" అంటారు. చుట్టపుచూపుకు వచ్చినవాళ్లు కూడా అదే మాట అంటారు.

ఆ మాటకు లొంగకండి. ఒక సెంటీమీటరు గడ్డలో దాదాపు వంద కోట్ల కణాలుంటాయి. అందులో వెయ్యికి 999 చచ్చినా కంటికి, చేతికి ఏమీ అందదు కానీ ఇంకా పది లక్షల కణాలు బతికే ఉంటాయి. పైగా రేడియేషన్ మొదలైన నాలుగు వారాల తర్వాత మిగిలిన కణాలు మునుపటి కన్నా వేగంగా పెరగడం మొదలుపెడతాయి. అందుకే చివరి మూడు వారాల్లో పడే ప్రతి విరామానికీ మూల్యం ఉంది. మొత్తం గడువు ఒక్క రోజు పెరిగితే జబ్బు అదుపులోకి వచ్చే అవకాశం సుమారు ఒక శాతం, కొన్నిసార్లు అంతకన్నా కొంచెం ఎక్కువే తగ్గుతుందని లెక్క. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ రేడియాలజిస్ట్స్ ఈ రకం క్యాన్సర్లలో గడువు రెండు రోజులకు మించి పెరగకూడదని నియమం పెట్టుకుంది. పండుగ సెలవు వచ్చినా, మిషన్ చెడినా "పోయిన సిట్టింగును ఎలా పూడుస్తారండీ?" అని అడగండి. శనివారం పెట్టడం, లేదా ఒకే రోజు ఆరు గంటల ఎడంతో రెండుసార్లు ఇవ్వడం లాంటి దారులున్నాయి.

బాధను తగ్గించుకోవడం చేతకానివాళ్ల పని అన్నట్టు చాలామంది పళ్ల బిగువున ఓర్చుకుంటారు. అలా చేయకండి. నొప్పి తగ్గితేనే మింగుతారు, మింగితేనే బరువు నిలుస్తుంది, బరువు నిలిస్తేనే మాస్కు వదులవకుండా రేడియేషన్ సరిగ్గా గురి మీద పడుతుంది. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా వంటసోడా కలిపి రెండు మూడు గంటలకోసారి పుక్కిలించి ఉమ్మేయాలి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్‌లు ముట్టుకోవద్దు. మార్ఫిన్ రాశారంటే ఆఖరి దశ వచ్చేసిందని హడలిపోతారు కొందరు. ఈ వైద్యంలో నోటి పూతకు మార్ఫిన్ ఇవ్వడం మామూలే. డాక్టరు చెప్పినట్టు వాడి, పుళ్లు మానాక నెమ్మదిగా తగ్గిస్తే అలవాటైపోతుందన్న భయం అక్కర్లేదు. దానితో మలబద్ధకం వస్తుంది కాబట్టి విరేచనం మందు కూడా మొదటి రోజు నుంచే అడగండి.

తిండి విషయంలో మనవాళ్ల పథ్యం చాలా నష్టం చేస్తుంది. వేడి చేస్తుందని గుడ్డు, వాతమని పప్పు, జలుబు చేస్తుందని పెరుగు మాన్పించేస్తారు. చివరకు మిగిలేది గంజినీళ్లు. 60 కిలోల మనిషికి ఈ రోజుల్లో దాదాపు 1,800 కేలరీలు, 70 నుంచి 90 గ్రాముల ప్రోటీన్ కావాలి. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. కాబట్టి రాగి జావలో పాలు, నెయ్యి కలపండి. పప్పన్నాన్ని మిక్సీలో మెత్తగా తిప్పి నెయ్యి వేయండి. గుడ్డు బాగా ఉడికించి మెత్తగా చేసి పెట్టండి. రెండు గంటలకోసారి కొంచెం కొంచెం ఇవ్వండి. ఆవకాయ, గోంగూర, పచ్చిమిరప, పులుసు కొన్నాళ్లు పక్కన పెట్టాలి. వారానికి ఒకసారి ఒకే తూకం మీద బరువు చూసి రాసిపెట్టండి. ఎంత చేసినా బరువు జారిపోతుంటే ముక్కులోంచి రైల్స్ ట్యూబు వేస్తామంటారు. అది ఓటమి కాదు, కొన్ని వారాల తోడు మాత్రమే. ట్యూబు ఉన్నా రోజూ కొన్ని గుక్కలు నోటితో మింగుతూనే ఉండాలి. వాడకుండా వదిలేసిన గొంతు కండరాలు మళ్లీ పనిలోకి రావడం కష్టం. నోరు తెరిచే వ్యాయామం కూడా రోజుకు నాలుగైదుసార్లు చేయించాలి.

సిస్‌ప్లాటిన్ వైపు నుంచి జాగ్రత్తలు వేరు. ఇది మూత్రపిండాలను, చెవిని దెబ్బతీయగల మందు. అందుకే సెలైన్ గంటల తరబడి ఎక్కిస్తారు. ఇంటికొచ్చాక కూడా నీళ్లు, పలచని మజ్జిగ, కొబ్బరినీళ్లు డాక్టరు చెప్పినంత పట్టించాలి. వాంతులై ఒక పూటంతా ఏమీ నిలవకపోతే ఫోన్ చేయాలి, మర్నాటిదాకా చూడొద్దు. చెవుల్లో గుయ్యిమంటే తర్వాతి డోసుకు ముందే చెప్పండి, అవసరమైతే మందు మారుస్తారు. ఒళ్లు నొప్పులని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్, జెంటామైసిన్ ఇంజెక్షన్లు చేయించుకోవద్దు. మామూలు రోజుల్లో చెల్లిపోయే ఆ సూదులు సిస్‌ప్లాటిన్‌తో కలిస్తే కిడ్నీలను ముంచుతాయి. చెట్టు మందులూ అంతే. ఇస్తున్నారంటే కనీసం డాక్టరుకు దాచకుండా చెప్పండి. థర్మామీటరు ఇంట్లో ఉండాలి. 100.4 డిగ్రీలు దాటిందంటే రాత్రి రెండైనా సరే ఆసుపత్రికే వెళ్లాలి. తెల్లకణాలు పడిపోయిన మనిషికి జ్వరం గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది.

ఇన్ని చేసినా ఐదో వారంలో ఒక పొద్దున ఆయన మంచం మీంచి లేవరు. "నా వల్ల కాదే" అంటారు. అప్పుడు మిగిలిన పది పదిహేను సిట్టింగుల లెక్క ఎత్తకండి. "ఏమండీ, ఇవాళ్టిది ఒక్కటి అయిపోనిద్దాం, వచ్చాక పడుకుందురుగానీ" అనండి. చాలు. వాదించి గెలవవలసిన సమయం కాదది. అదే రోజు డాక్టరుకూ చెప్పండి, ఎందుకంటే ఆ నిస్సత్తువ వెనక తగ్గిన మెగ్నీషియమో, రక్తహీనతో, నిద్రలేమో ఉండవచ్చు, వాటికి మందులున్నాయి. మరొక మాట. చూసుకునే మనిషి కూడా నలిగిపోతుంటారు. వారంలో ఒక రాత్రైనా మరిదినో, మేనల్లుడినో పిలిపించి మీరు నిద్రపోండి.

మిషన్ ఆగిన తర్వాత

చివరి సిట్టింగు రోజున స్వీట్లు పంచుతారు. వారం తిరిగేసరికి నోటి పుండ్లు ఇంకా ఎక్కువై కంగారుపడతారు. ఇది ముందే తెలియాలి. రేడియేషన్ ఆగినా దాని ప్రభావం మరో వారం, రెండు వారాలు పెరిగి ఆ తర్వాతే తగ్గుముఖం పడుతుంది. కాబట్టి నొప్పి మందులు, ట్యూబు, పుక్కిలింతలు ఏవీ వెంటనే మానకండి. రుచి నెలల మీద తిరిగి వస్తుంది. నోటి తడి పూర్తిగా రాకపోవచ్చు, పక్కన నీళ్ల సీసా అలవాటుగా మారుతుంది.

ఫలితం తెలుసుకోవడానికి తొందరపడి నెలకే స్కాన్ చేయించవద్దు. అప్పటి వాపు క్యాన్సర్‌లా కనిపించి లేనిపోని భయం పెడుతుంది. పన్నెండు వారాల తర్వాత పెట్-సీటీ తీస్తే సరైన చిత్రం వస్తుంది. మెడ గ్రంథులకు అందరికీ ఆపరేషన్ చేయనక్కర్లేదని, అప్పటి స్కాన్‌లో అనుమానం ఉన్నవారికి మాత్రమే చేయవచ్చని 564 మంది మీద జరిపి 2016లో ప్రచురించిన బ్రిటన్ అధ్యయనం చూపించింది.

తిరగబెట్టే జబ్బు ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే బయటపడుతుంది. బాగానే ఉన్నామని చెకప్‌లు మానకండి. ఆరు నెలలకో, ఏడాదికో ఒకసారి థైరాయిడ్ పరీక్ష చేయించాలి, మెడకు పడ్డ రేడియేషన్ వల్ల ఆ గ్రంథి మందగించడం మామూలే. ఫ్లోరైడ్ పేస్టు జీవితాంతం వాడాలి. పదేళ్ల తర్వాత ఒక పన్ను నొప్పెట్టినా, పీకించుకునే ముందు రేడియేషన్ ఫైలును ఆ డెంటల్ డాక్టరుకు చూపించి, వైద్యం చేసిన ఆంకాలజీ విభాగంతో ఒక్కసారి మాట్లాడించండి.